కాన్పు గదికి తోడు

నేను అబద్ధాలాడే మనిషిని కాదు. జాకెట్టు మంగళవారానికి ఇస్తానని చెప్పి శుక్రవారం ఇవ్వడం అబద్ధం కిందికి రాదు. టైలరు పని చేసేవాళ్ళు ఎవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. అలాంటి నేను మొన్న మార్చిలో ఒక బుధవారం తిరుపతిలో, కాన్పుల ఆసుపత్రిలో, పదిమంది ఎదుట నిలువునా అబద్ధం ఆడేశాను.

ఆ రోజు పవిత్రను కాన్పు క్లాసుకు తీసుకెళ్ళాను. పవిత్ర మా అక్క కూతురు. దానికి మూడేళ్ళప్పుడు అక్క పచ్చకామెర్లతో పోయింది. దాని తండ్రి ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. పిల్లను వడమాలపేటకు తెచ్చుకుని నేనూ, ఆటో తోలే మా ఆయన చెంగయ్యా పెంచాం. మాకు పిల్లలు లేరు. ఎందుకు లేరని ఆరా తీసినవాళ్ళకు నేనిచ్చిన జవాబులు ఇక్కడ చెప్పదగినవి కావు. మా వీధిలో ఇప్పుడెవరూ అడగరు.

పవిత్రకు అప్పుడు ఆరో నెల. మా వీధిలో ఈ నాలుగైదేళ్ళలో కడుపుతో ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళలో సగం మంది కుట్లతోనే తిరిగొచ్చారు. అవసరమై చేస్తే ఎవరేం అంటారు? కానీ అవసరం లేకుండా తనను కోయకూడదని పవిత్ర పట్టు. "నేనే కంటా చిన్నమ్మా. కాకపోతే నువ్వు నా పక్కనే ఉండాల. నువ్వు లేకుంటే నావల్ల కాదు" అంది. ఉంటానని దాని తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాను. అక్కడి నుంచే మొదలైంది ఈ తంటా అంతా.

క్లాసు చెప్పేది రెబెకా సిస్టరు. కాన్పులు చేయడానికే ప్రత్యేకంగా చదువుకున్న నర్సు. నలభై ఏళ్ళుంటాయి, మాట నెమ్మది. రిజిస్టరు ముందు పెట్టుకుని, "ప్రసవం గదిలోకి ఒకే ఒక్క ఆడమనిషిని తోడుగా పంపిస్తామమ్మా. ఆమె కాన్పయిన మనిషై ఉండాల. ఏమీ తెలియనోళ్ళు లోపలికొస్తే వాళ్ళే కళ్ళు తిరిగి పడతారు. ఆనక మేము ఎవర్ని చూసుకోవాల?" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వరుసలో మా వంతు వచ్చింది.

"మీరు ఈ పాపకు ఏమవుతారమ్మా?"

"అమ్మని."

"ఎన్ని కాన్పులు?"

"ఒకటే. ఇదో, ఈ పిల్లే."

"నార్మలా?"

"నార్మలే. అర్ధగంటలో అయిపోయింది."

పవిత్ర నా ముంజేయి గిల్లింది. రెబెకా సిస్టరు ఒక క్షణం నన్ను చూసి రాసుకుంది.

బయటికొచ్చాక పవిత్ర చెంగయ్య ఆటోలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. "అర్ధగంటా? ఒక మూడు గంటలన్నా పెట్టకూడదా చిన్నమ్మా?"

"నా కాన్పు, నా ఇష్టం" అన్నాను.

ఇంక ఆ అబద్ధాన్ని మోయక తప్పలేదు. క్లాసులో పవిత్ర నన్ను "అమ్మా" అని పిలవాలి. మొదటి రెండుసార్లు ఎవరినో పిలుస్తోంది అనుకుని నేను పలకనే లేదు. చిన్నప్పుడు దాని చేత చిన్నమ్మ అని పిలిపించింది నేనే. మా అక్క చోటు మా అక్కదే అనుకున్నాను. ఆ ఇంకో పిలుపు మీద నాకు ఆశ లేదంటే మాత్రం అది రెండో అబద్ధమవుతుంది. తీరా వచ్చిన పిలుపు దొంగతనంగా వచ్చింది. ఒంటికి పట్టలేదు.

అయినా ఒక్క బుధవారం మానలేదు. చాప మీద కూర్చోబెట్టి రెండు పాదాలూ కలిపి మోకాళ్ళు ఆడించడం, గొంతుక్కూర్చుని లేవడం, పెద్ద బంతి మీద కూర్చుని నడుము తిప్పడం, నొప్పి వచ్చినప్పుడు ముక్కుతో పీల్చి నోటితో మెల్లగా వదలడం, ఇవన్నీ నేర్పారు. తోడు వచ్చినవాళ్ళం నడుము ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు మాట్లాడాలో, ముఖ్యంగా ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్చుకున్నాం. నాకు ఆ చివరిది కొంచెం కష్టమైంది. ఇంట్లో నేను మిషను తొక్కుతుంటే పవిత్ర పక్కన బంతి మీద కూర్చుని ఆ చప్పుడుకు సరిగ్గా ఊపిరి తీసి వదిలేది. పిల్ల పుట్టకముందు బట్టలు కుట్టకూడదని మా వైపు పట్టింపు. చేతులు దురద పెడుతున్నా ఆపుకుని, పాత నూలు చీరలు ఉతికి ఉతికి మెత్తటి గుడ్డలు చించి పెట్టాను.

ఒక బుధవారం సిస్టరు, "పిల్లలకు భయం పోవాలంటే పెద్దోళ్ళు మీ కాన్పుల సంగతి చెప్పండి" అంది. నా వంతుకు నేను బ్రహ్మాండంగా చెప్పాను. జాకెట్టు కొలతలు ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళు టైలరుకు చెప్పని విషయం ఉండదు. ఒకామె దగ్గర ఉమ్మనీరు, ఇంకొకామె దగ్గర మంత్రసానితో తగువు, మరొకామె దగ్గర వానలో ఎద్దుల బండి తీసుకుని ఒక కాన్పు కుట్టేశాను. కడుపుతో ఉన్న ఆడపిల్లలంతా నా చుట్టూ చేరారు. అందులో ఒక పిల్ల, "ఆంటీ, ఆ నొప్పి ఎట్లుంటాది?" అని అడిగింది.

అక్కడ దారం తెగింది. "మర్చిపోయినా పాపా" అన్నాను. ఆ పిల్ల భయంతో అడిగింది, నేను దొంగ సరుకు అమ్మాను.

తొమ్మిదో నెలలో పలమనేరులో సీమంతం చేశారు. పవిత్ర అత్తగారు మునిరత్నమ్మది ఆ ఊరే. ఆరు ఆవులు, వాటి పాల మీద కట్టిన ఇల్లు. నలుగురు పిల్లలను ఇంట్లోనే కన్న మనిషి. ఆమె కొడుకు, పవిత్ర మొగుడు మునిచంద్ర తడ దగ్గర కంపెనీలో పని చేస్తాడు. ఆమె ఏం మాట్లాడినా ఆవు దగ్గర మొదలై ఆవు దగ్గరే ఆగుతుంది. మంచి మనిషే, కానీ నాకు ఆమె ముందు కూర్చోవాలంటే కొట్టంలో కూర్చున్నట్టే ఉండేది.

ముత్తైదువలంతా పవిత్ర చెంపలకు గంధం రాసి, చేతులకు గాజులు వేస్తున్నారు. నేను పులిహోరలో ఉప్పు చూడాలంటూ వంటింట్లోకి జారుకున్నాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు. అని ఉంటే నా నోటికి పని దొరికేది. నేనే పోయాను. అడిగినవాళ్ళందరికీ గట్టిగా సమాధానం చెప్పిన నాకు, లోపల ఒక భయం మాత్రం పోలేదు. పిల్లలు పుట్టని చెయ్యి కడుపుతో ఉన్నదాని మీద పడితే మంచిది కాదేమో! పవిత్ర వంటింట్లోకి వచ్చి రెండు చేతులూ చాపి, "నువ్వు వెయ్యవా?" అంది. "పొయ్యి దగ్గరికి ఎందుకొచ్చినావు, పో" అని కసిరి పంపించాను. గాజులు వేయలేదు.

జూన్ రెండో వారంలో, ఒక తెల్లవారుజామున పవిత్రకు ఉమ్మనీరు పోయింది. చెంగయ్య ఆటో తీశాడు. ఆయన జీవితంలో మొదటిసారి గుంతలన్నీ తప్పించి నడిపాడు. మునిచంద్రకు, మునిరత్నమ్మకు ఫోన్లు చేశాం. సెలవు దొరికి తను వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నాడు మునిచంద్ర. ఆసుపత్రిలో వరండా పొడుగునా నేనూ పవిత్రా అటూ ఇటూ నడిచాం. నొప్పి వచ్చినప్పుడు అది నా భుజం మీద వాలి ఊపిరి వదిలేది. పోయాక, "బాగానే ఉండాది చిన్నమ్మా, అర్ధగంటలో అయిపోతాది" అని నన్నే ఆటపట్టించేది. పదిగంటలకు పలమనేరు నుంచి మునిరత్నమ్మ ఫ్లాస్కు చేత్తో పట్టుకుని దిగింది.

పదిన్నరకు ప్రసవం గదిలోకి రమ్మన్నారు. గుమ్మం పక్కన బల్ల మీద పవిత్రను పడుకోబెట్టి, రెబెకా సిస్టరు పిల్ల గుండె వినే మిషను పొట్ట మీద పెట్టింది. గుర్రం పరుగులా టకటకమని వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు నెమ్మదించింది.

"ఎడమ పక్కకు తిరుగు తల్లీ" అంది సిస్టరు. పవిత్ర తిరిగింది. నిమిషంలో మళ్ళీ మామూలుగా టకటకలాడింది. "అప్పుడప్పుడు ఇట్లా అవుతుంది, భయం లేదు" అని సిస్టరు నవ్వింది కూడా.

నేను మాత్రం పవిత్ర నడుము మీదున్న నా చెయ్యి చూసుకున్నాను. నేను అబద్ధమాడి ఇక్కడికి వచ్చాను. రాకూడని చోటికి వచ్చాను. ఈ బిడ్డకేమన్నా అయితే? చెయ్యి తీసేశాను.

"సిస్టర్, నేను అబద్ధం చెప్పినా. నాకు కాన్పే కాలేదు. ఇది మా అక్క బిడ్డ. నేను లోపలికి రాను. దీని అత్త, మా వదిన ఉండాది, నలుగుర్ని కనింది. ఆయమ్మ వస్తాది."

గుమ్మం దగ్గర నిలబడ్డ మునిరత్నమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

పవిత్ర మోచేతి మీద లేచింది. "ఏం మాటలివి చిన్నమ్మా? ఉంటానని మాటిచ్చినావు కదా."

"నీ మంచికే మే."

"నా మంచి నాకు తెలీదా?"

నేను మునిరత్నమ్మను లోపలికి తోసి, వెనక్కి చూడకుండా బయటికి వచ్చేశాను.

వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. తలుపు అవతల నలుగురైదుగురు ఆడపిల్లలు నొప్పులు పడుతున్నారు. అందరిదీ ఒకటే కేక, "అమ్మా... అమ్మా..." నొప్పి వస్తే తెలుగువాళ్ళ నోట ఇంకేం వస్తుంది? ఆ కేకల మధ్య ఒక గొంతు వేరుగా వినిపించింది.

"చిన్నమ్మా!"

తలుపు దగ్గర కాపలా ఉన్న ఆయా ఫక్కున నవ్వింది. "ఇరవై ఏండ్లుగా ఈడ ఉండాను. నొప్పికి చిన్నమ్మా అని అరిచేదాన్ని ఇదే చూడటం" అంది.

నా కాళ్ళు వాటంతట అవే లేచాయి. మళ్ళీ కూర్చున్నాను. ఇంకో రెండుసార్లు వినిపించింది ఆ కేక. ఆ తర్వాత వినిపించలేదు. కేక వినలేక చెవులు మూసుకున్నదాన్ని, అది ఆగిపోయేసరికి చెవులు రిక్కించి కూర్చున్నాను. అరగంట గడిచింది, గంట గడిచింది. మిగతావాళ్ళ గొంతులే తప్ప మా పిల్ల గొంతు లేదు.

చెంగయ్య టీ తెచ్చి, నన్ను బయట చూసి బిత్తరపోయాడు. జరిగింది చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు ఎదురు చెప్పని మనిషి, టీ గ్లాసు బెంచీ మీద ఠక్కున పెట్టాడు.

"నీ చెయ్యి మంచిది కాదా? ఆ పిల్లకి ఇరవై రెండేండ్లు అన్నం పెట్టింది ఏ చెయ్యి? టైఫాయిడ్ వస్తే నెల పొద్దులు మోసింది ఏ చెయ్యి? అప్పుడు ఏం కాలేదు గదా, ఇప్పుడు యాడ నుంచి వచ్చింది ఈ పాడు బుద్ధి?"

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

పన్నెండున్నర దాటాక తలుపు తోసుకుని మునిరత్నమ్మ వచ్చింది. మొహం వాడిపోయింది.

"నొప్పులు నిలిచిపోయినాయి వదినా. సాయంత్రం దాకా చూస్తారంట. అప్పటికీ రాకపోతే సూదులేస్తారంట, దానికీ కాకపోతే ఆపరేషనంట. ఆ పిల్ల పండ్లు బిగబట్టుకోని పడుకోనుండాది. అత్త ముందర అరిస్తే ఏమనుకుంటానో అని అరవను కూడా అరవదు. నడుం నొక్కుదామంటే బిగుసుకుంటాది."

ఆమె నా ముందు నిలబడింది.

"మా ఆవు ఈనేటప్పుడు కొట్టంలోకి కొత్త మనిషి పోతే, దూడ కాళ్ళు కనపడతా ఉన్నా సరే, ఈనకుండా నిలబడిపోతాది. రోజూ మేతేసే మనిషి పోయి వీపు నిమిరితే పావుగంటలో పడుకోని ఈనేస్తాది. ముప్పై ఏండ్లుగా చూస్తుండా నేను. ఈ పిల్ల మా ఇంటికొచ్చి ఏడాదిన్నర. నేను కొత్త మనిషిని. మేతేసినదానివి నువ్వు. లెయ్."

"నాకు కాన్పు కాలేదు వదినా. నా చెయ్యి..."

"నాకు నాలుగయినాయి. ఒక్కటన్నా ఎట్ల కన్నానో అడుగు, చెప్పలేను. ఏం జ్ఞాపకముంటాది? లోపల ఆ సిస్టరు ఊపిరి అట్ల తియ్యి, ఇట్ల వదులు అంటుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలా. నువ్వు మూడు నెల్లు ఇదే చదువు చదివినావు. ఇంకేం మాట్లాడొద్దు."

నా మణికట్టు పట్టుకుని లేపింది. పాలు పితికిన చెయ్యి, వదిలించుకోవడం నావల్ల కాలేదు. సీమంతంలో ఆవుల గురించి ఆమె చెబుతుంటే నేను లోలోపల విసుక్కున్నాను. ఆ క్షణంలో నాకు ఆ ఆరు ఆవులకూ దండం పెట్టాలనిపించింది.

తలుపు దగ్గర రెబెకా సిస్టరు ఉంది. తల వంచుకున్నాను.

"లోకేశ్వరమ్మా, రూలు రూలే. అబద్ధం చెప్పినందుకు రేపు మిమ్మల్ని బాగా తిడతాను. పెద్ద డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పి అడిగినా, క్లాసులన్నీ వచ్చిన మనిషేగా, పంపించమనింది. చేతులు కడుక్కుని రండి" అంది.

సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాను. లోపలికి వెళ్ళేసరికి పవిత్ర గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను వచ్చానని తెలిసి కూడా తిరగలేదు.

"ఇంకోసారి పోయినావంటే జన్మలో మాట్లాడను" అంది గోడతో.

"పోను."

"తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చినావు."

"ఇచ్చినా. బుద్ధి గడ్డి తినింది. లెయ్, నడుద్దాం."

నడిచాం. నేను దాని వెనక నిలబడి నడుము కింద రెండు అరచేతులతో నొక్కాను. ఈసారి చేతులు తీయలేదు. కాసేపటికి నొప్పి వచ్చింది. పెదాలు బిగబట్టబోయింది. "అరిచెయ్ మే, ఈడ అత్తలెవరూ లేరు" అన్నాను. అప్పుడు అరిచింది చూడండి! పక్క మంచం మీది పిల్ల తన అరుపు ఆపేసి దీని వైపు చూసింది. గంటకల్లా నొప్పులు ఒకదాని వెనక ఒకటి తరుముకొచ్చాయి. నేను కాలు నేలకేసి మిషను తొక్కినట్టు తట్టాను. ఆ తట్టుకు ఊపిరి పీల్చింది, వదిలింది.

చివర్లో, "నావల్ల కాదు చిన్నమ్మా, కోసెయ్యమను" అని ఏడ్చింది. క్లాసులో సిస్టరు ముందే చెప్పింది, నావల్ల కాదు అన్నారంటే పిల్ల దగ్గరికొచ్చినట్టే అని. అది నాకు గుర్తుంది. "అయిపోవచ్చింది తల్లీ" అన్నాను. అది అబద్ధం కాదు. నా మెడ చుట్టూ చేతులు వేసి వేలాడుతూ గొంతుక్కూర్చుంది. దాని బరువంతా నా మెడ మీదే. ఆ నొప్పి ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ దాని వేళ్ళు నా మెడలోకి ఎంత లోతుగా దిగాయో తెలుసు. నాలుగు రోజులు తల తిప్పలేకపోయాను. అంతమాత్రం నా పాలికి వచ్చినందుకే నాకు కడుపు నిండిపోయింది.

మధ్యాహ్నం మూడుంబావుకు పిల్ల పుట్టింది. ఆడపిల్ల. తుడిచీ తుడవకముందే సిస్టరు దాన్ని పవిత్ర గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, మీద గుడ్డ కప్పింది. నేను ఏడ్చాను. ముక్కు చీదుకుంటూ, చంటిపిల్ల కంటే గట్టిగా ఏడ్చాను. సిస్టరు నా వీపు తట్టి, బయట వాళ్ళకు కబురు చెప్పడానికి వెళ్ళింది.

కాసేపు మా మంచం దగ్గర మేం ముగ్గురమే మిగిలాం. పిల్ల ఏడుపు ఆపి, కళ్ళు తెరిచింది. పవిత్ర మొహంలో అప్పటిదాకా ఉన్న సంతోషం మెల్లగా భయంగా మారింది.

"చిన్నమ్మా, ఇది నన్నే చూస్తుండాది."

"నువ్వూ చూడు."

"నాకేమీ రాదే. ఈ మూడు నెల్లూ కనేది నేర్చుకున్నామే గానీ, కన్నాక ఏం చెయ్యాలో ఎవురూ చెప్పలా."

దాని నుదుటి మీద అతుక్కున్న వెంట్రుకలు వెనక్కి తోశాను.

"నిన్ను ఇంటికి తెచ్చిన రోజు నువ్వు మంచం కింద దూరి కూర్చోని నన్నే చూస్తా ఉన్నావు. ఏం చెయ్యాలో నాకూ తెలీలా. నేనూ కింద కూర్చోని నిన్నే చూస్తా ఉన్నా."

"ఆ తర్వాత?"

"నీకు ఆకలేసింది. అన్నం కలిపి పెట్టినా."

"అంతేనా?"

"అంతే. మళ్ళా ఆకలేసింది."

పవిత్ర నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది. అప్పటికే దాని గుండెల మీద పిల్ల తల అటూ ఇటూ తిప్పుతూ నోరు తెరిచి వెతుక్కుంటోంది.